కొట్టకూడని బంతి

ఆమెకొక పేరుందన్న సంగతి జీతాల రిజిస్టరుకు తప్ప ఆ పోస్టాఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ముద్రక్క. ఇరవై ఆరేళ్ళుగా ఉత్తరాల మీద తారీకు ముద్ర వెయ్యడం ఆమె పని. ఎడమ చెయ్యి ఉత్తరాన్ని ముందుకు తోస్తుంది. కుడి చెయ్యి ముద్రను ఒకసారి ఇంకు ప్యాడ్ మీద, ఒకసారి స్టాంపు మీద దించుతుంది. దబ్, దబ్. నిమిషానికి నలభై ఉత్తరాలు. కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళు మొదటి వారమంతా తలనొప్పి మాత్రలు మింగేవారు. రెండో వారం నుంచి ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడేవారు.

మనిషీ అలాగే ఉండేది. చెప్పేదేదో ఒక్క దెబ్బకు చెప్పేస్తుంది. ఆమె తలుపు వేస్తే గోడమీది క్యాలెండరు కిందపడేది. గ్లాసు బల్లమీద పెడితే అందులో టీ ఒకసారి పైకి లేచి మళ్ళీ గ్లాసులోకే దిగేది. ఆమె భర్త ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు రాసుకునే ఉద్యోగి, మెతక మనిషి. "ఊళ్ళో ఏ మీటరైనా చూసి చెప్పగలను. మా ఇంట్లో మీటరు ఎప్పుడు ఎంత తిరుగుతుందో మాత్రం చెప్పలేను" అని స్నేహితుల దగ్గర అనేవాడు. ఆమె దగ్గర మాత్రం ఎప్పుడూ అనలేదు.

వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. పైన ముద్రక్క కాపురం. కింద బావగారి కుటుంబం. బావగారి భార్య, అంటే ముద్రక్క తోడికోడలు, వీధివైపు గదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టేది. ఆ వీధిలో ఆమెను టైలరమ్మ అంటే పసివాళ్ళు కూడా ఇల్లు చూపించేవారు. కొలత తీసిందంటే వెంట్రుకవాసి తేడా రాదు. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు. అత్తగారు పొద్దుటిపూట కింద, సాయంత్రం పైన ఉండేది. డెబ్భై ఆరేళ్ళు. మోకాళ్ళు గట్టివి, చెవులు మరీ గట్టివి.

ఈ తోడికోడళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

జరిగిందేమిటంటే, టైలరమ్మ ఒక బ్యాండు బృందానికి పన్నెండు కోట్లు కుట్టింది. వాళ్ళ కచేరీ వేరే ఊళ్ళో, శనివారం. గురువారం మధ్యాహ్నం ఆమె ఆ కోట్ల పార్సిలును చంకన పెట్టుకుని పోస్టాఫీసుకు పరిగెత్తింది. ఆ రోజు పార్సిళ్ళ గుమాస్తా సెలవు. ఆ కిటికీలో ముద్రక్క కూర్చుంది. పార్సిలును అటూ ఇటూ తిప్పి చూసి, వరసలో ఉన్న పదిమందీ వినేలా అన్నది:

"పంపేవాళ్ళ అడ్రసు లేదు. మీరెవరో మాకెలా తెలుస్తుందండీ?"

ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతున్న మనిషిని పట్టుకుని అన్నమాట అది. పైగా చివర ఆ 'అండీ' ఒకటి. టైలరమ్మ పార్సిలు వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకో పేటలోని పోస్టాఫీసు నుంచి పంపింది. కోట్లు సోమవారం చేరాయి. బ్యాండువాళ్ళు శనివారం ఎవరికి తోచిన చొక్కా వాళ్ళు వేసుకుని వాయించారట. ఆ తర్వాత ఆమెకు మళ్ళీ ఒక్క గుండీ పని కూడా ఇవ్వలేదు.

అప్పటినుంచి ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచేవి. ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుబొదురుగా నిలబడి ఉన్నా సరే.

"అత్తయ్యా, ట్యాంకు నిండింది, మోటారు ఆపమని కిందవాళ్ళకు చెప్పండి."

"మోటారు ఆపాలటమ్మా. ఒంట్లో ఎలా ఉందని కూడా అడుగుతోంది."

"నేనేం అడగలేదు!"

"అడగలేదని చెప్పమంటోంది."

ఇలా సాగుతుండగా ముద్రక్క కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా లేచి అక్కడ ఆగిపోయేది. ఉత్తరాలకు చెయ్యి కిందికి దిగితే చాలు కాబట్టి ఆఫీసులో ఇబ్బంది లేదు. తల దువ్వుకోవడమే కుదిరేది కాదు. భర్త దువ్వేవాడు. ఆయన పాపిడి తీస్తే అది కాలువ గట్టులా వంకర్లు తిరుగుతూ వెళ్ళేది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ వంచి చూశాడు. "ఏం పని చేస్తారు?" అన్నాడు. చెప్పింది. "అదే మరి. కొన్నాళ్ళు ఏదైనా మెల్లగా చెయ్యడం నేర్చుకోండి" అన్నాడు. ఏం మెల్లగా చెయ్యాలో ఆయనా చెప్పలేదు, ఈమెకూ తోచలేదు.

చిత్రం ఏమిటంటే సరిగ్గా అదే నెలలో, ఇస్త్రీపెట్టె బరువుకు టైలరమ్మ కుడి భుజం కూడా పట్టేసింది. అత్తగారు పొద్దున కింద ఒక భుజానికి, సాయంత్రం పైన ఒక భుజానికి తైలం రుద్దేది. పది రోజులు గడిచేసరికి ఆవిడ రెండు భుజాలూ నొప్పి పుట్టాయి. వాటికి రుద్దేవాళ్ళు లేరు.

పదకొండో రోజున ఆవిడ ఎప్పటిలాగే పేపరు చదువుకోవడానికి లైబ్రరీకి వెళ్ళింది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. లైబ్రరీ పై హాల్లో మూడు రోజుల శిక్షణ శిబిరం. తైచీ అనే నెమ్మది కసరత్తు నుంచి పుట్టిన బ్యాటూ బంతీ ఆట. భుజాలకు, మోకాళ్ళకు, మనసుకు మంచిది. వయసుతో పనిలేదు. అత్తగారు కాగితం రెండుసార్లు చదివి, లోపలికి వెళ్ళి కోడళ్ళిద్దరి పేర్లూ రాయించింది. ఇంటికొచ్చి కింద ఒకసారి, పైన ఒకసారి విడివిడిగా చెప్పింది.

"కిందావిడ రావడం లేదు కదా?" అని అడిగింది ముద్రక్క.

"దానికి తీరికెక్కడిదే" అన్నది అత్తగారు. కింద కూడా పొల్లు పోకుండా అదే జవాబు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి ముద్రక్క ఆఫీసు నుంచి నేరుగా హాలుకు వెళ్ళింది. పొడుగాటి హాలు, చెక్క నేల, ఒక పక్క ఆరు కిటికీలు, ఎదురుగా గోడ గడియారం. పద్నాలుగు మంది వచ్చారు. పదమూడో మనిషి ముద్రక్క. పద్నాలుగో మనిషి మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి వచ్చిన టైలరమ్మ. ఇద్దరూ గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుని గతుక్కుమన్నారు. ముందు వెనక్కి తిరిగినవాళ్ళు ఓడిపోయినట్టే. అందుకని ఇద్దరూ లోపలికే నడిచారు.

నేర్పే ఆయన వృత్తి చేతిగడియారాలు బాగుచెయ్యడం. సన్నటి మనిషి, సన్నటి గొంతు. ప్రతి వాక్యానికీ ముందు ఒకసారి నిండుగా ఊపిరి పీల్చుకునేవాడు. అందువల్ల ఆయన ఏదో పెద్ద సంగతి చెప్పబోతున్నాడని అందరూ ముందుకు వంగేవారు. ఆయన ఒక బ్యాట్ ఎత్తి చూపించాడు. దాని ముఖానికి తీగలు లేవు, చెక్క లేదు. వదులుగా వేలాడే పల్చటి రబ్బరు పొర ఉంది. బంతి లోపల కాస్త ఇసుక. కదిపితే గుసగుసమంటుంది.

"ఈ ఆటలో బంతిని కొట్టకూడదు" అన్నాడు మాస్టారు. ఊపిరి పీల్చాడు. "ఆపనూ కూడదు. వచ్చే బంతికి ఎదురెళ్ళి, దాంతోపాటే వెనక్కి రావాలి. అలాగే గుండ్రంగా తిప్పి వదిలెయ్యాలి. చప్పుడు రాకూడదు. చప్పుడొస్తే కొట్టినట్టు."

"కొట్టకపోతే బంతి అటెలా పోతుందండీ?" అని అడిగింది ముద్రక్క. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది.

"వచ్చిన వేగమే దాన్ని తీసుకుపోతుందమ్మా. మనం దారి చూపిస్తే చాలు."

తర్వాత ఆయన అందర్నీ జంటలు చేశాడు. ఎవరికి ఎక్కడ నొప్పో అడిగి, ఒకే చోట నొప్పి ఉన్నవాళ్ళను ఒక జంటగా వేశాడు. అలాగైతే ఒకరి నిదానానికి ఇంకొకరు విసుక్కోరని ఆయన ఆలోచన. మోకాళ్ళవాళ్ళు రెండు జంటలు, నడుములవాళ్ళు మూడు జంటలు, మెడలవాళ్ళు ఒక జంట. కుడి భుజాలవాళ్ళు ఇద్దరే మిగిలారు.

టైలరమ్మ మొదటి బంతిని వదిలింది. ముద్రక్క చెయ్యి ఇరవై ఆరేళ్ళుగా ఏం చేస్తోందో అదే చేసింది. టప్. బంతి హాలు పొడుగునా వెళ్ళి గోడ గడియారానికి తగిలింది. గడియారం అయిదూ యాభైకి ఆగిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు. తర్వాత స్టూలెక్కి గడియారం దించి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, అక్కడే నేలమీద కూర్చుని బాగుచేశాడు. ఆ పూటంతా ఆయన ముఖం వెలిగింది ఆ అయిదు నిమిషాలే.

టైలరమ్మ పద్ధతి వేరు. ఆమె ఒక్క బంతినీ కొట్టలేదు, ఒక్క బంతినీ పోనివ్వలేదు. వచ్చినదాన్ని బ్యాట్ మీద నిలబెట్టి, అటు చూసి ఇటు చూసి, కొలిచి, అప్పుడు పంపేది. అదీ తప్పే.

"మాస్టారూ, అటువైపు వాళ్ళకు చెప్పండి" అన్నది ముద్రక్క. "గుండీ కుడుతున్నట్టు బంతిని పట్టుక్కూర్చోవద్దని."

"మాస్టారూ, ఇటు పంపేది బంతా, ఉత్తరమా అని కనుక్కోండి. వస్తూనే ముద్ర పడుతోంది" అన్నది టైలరమ్మ.

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరికీ ముందే పరిచయమా?"

"లేదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడే కింది నుంచి లైబ్రేరియను పైకొచ్చింది. నెత్తిమీద నుంచి బంతులు దొర్లుతుంటే చదువరులు పుస్తకాల్లోంచి తలలెత్తి సీలింగు చూస్తున్నారని ఫిర్యాదు. "నెమ్మది ఆట అని రాశారు కాగితం మీద" అన్నది. "ఇంకా నెమ్మది కాలేదమ్మా" అని ఒప్పుకున్నాడు మాస్టారు.

మొదటిరోజు ముగిసేటప్పుడు అందరికీ ఇంటిపని ఇచ్చాడు. గ్లాసు నిండా నీళ్ళు పోసి, చేత్తో పట్టుకుని, చుక్క ఒలక్కుండా గాల్లో గుండ్రాలు తిప్పాలి. ఆ సాయంత్రం అత్తగారు మెట్లమీద, పై అంతస్తుకూ కింది అంతస్తుకూ మధ్యన కూర్చుంది. పైన ఒక గ్లాసు భళ్ళుమన్నది. కాసేపటికి కింద ఒకటి. మళ్ళీ పైన. "స్టీలు గ్లాసులు తీసుకోండే" అని ఆవిడ ఎవరికీ చెందకుండా మధ్యలోకి కేకేసింది. పైనుంచి మీటర్ల ఆయన తల తుడుచుకుంటూ దిగి వచ్చాడు. "నా మీద కూడా పోస్తోందమ్మా" అన్నాడు. కింది నుంచి అన్నగారు కూడా తడి చొక్కాతో బయటికొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని ఆరబెట్టుకున్నారు.

శనివారం ఒంటిపూట ఆఫీసు. పదకొండు గంటలకు పోస్టుమాస్టరు తన గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది. చప్పుడు లేదు. ముద్రక్క కూర్చునే ఉంది, చెయ్యి ఆడుతూనే ఉంది. ముద్ర గాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చి ఉత్తరం మీద ఈగ వాలినట్టు వాలుతోంది.

"ఏమ్మా, ఇంకు అయిపోయిందా?" అన్నాడు ఒక కవరు ఎత్తి చూసి. తారీకు ఉండాల్సిన చోట మసక మసకగా ఒక వంకర గీత ఉంది.

ముద్రక్క చెయ్యివైపు చూసుకుని తెల్లబోయింది. తను అలా వేస్తున్నట్టు ఆమెకే తెలియదు. నూట ఎనభై ఉత్తరాలకు మళ్ళీ మొదటి నుంచి ముద్రలు వేసింది. దబ్, దబ్. ఆఫీసంతా తేలికపడింది.

కానీ మధ్యాహ్నం హాల్లో బ్యాట్ పట్టుకోగానే ఆ మెత్తదనం కాస్తా ఎటో పోయింది. మూడో బంతికే టప్. బంతి నేరుగా వెళ్ళి టైలరమ్మ నుదుటికి తగిలింది. ఇసుక బంతి కాబట్టి గాయమేమీ కాలేదు. మూడేళ్ళ మౌనం మాత్రం అక్కడ పగిలింది.

"అబ్బా! కొట్టొద్దంటే అర్థం కాదా నీకు?"

హాల్లో మిగతా జంటలు తిరిగి చూశాయి. ముద్రక్క ఒక్క క్షణం నివ్వెరపోయింది. మాస్టారితో కాదు, అత్తయ్యతో కాదు, తనతోనే మాట్లాడింది! ఆ కంగారులో నోటికొచ్చింది అనేసింది.

"కొట్టాలని కొట్టానా? చెయ్యి అలవాటు!"

"నోరు కూడా అలవాటేనా?" అంటూ టైలరమ్మ బంతి తీసి వదిలింది. "పదిమందిలో నన్ను పట్టుకుని మీరెవరన్నావు!"

"ఎవరన్నానా? అడ్రసు లేదన్నాను!" ముద్రక్క బ్యాట్ బంతికి ఎదురెళ్ళి, వెనక్కొచ్చి, చుట్టు తిరిగి వదిలింది. ఆమె చూపు బంతి మీద లేదు.

"అడ్రసు నీకు తెలీదా? నువ్వుండే ఇల్లే కదా నా అడ్రసు!"

"తెలిస్తే మాత్రం? రూలు రూలే."

"ఒక్క నిమిషం పెన్నిస్తే నేనే రాసేదాన్ని కదా! 'అండీ' అట, అండీ! నీ పెళ్ళికి నీకు రవిక కుట్టింది నేను, నాకు అండీ!"

"నా వెనకాల ఎవరున్నారో చూశావా నువ్వు? తనిఖీ ఆఫీసరు! తల మీద గద్దలా నిలబడ్డాడు. చుట్టరికం చూపిస్తే ఉద్యోగం ఉంటుందా?"

టైలరమ్మ చెయ్యి ఆగలేదు. బంతి వచ్చింది, తిరిగింది, వెళ్ళింది. "ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా!"

"వచ్చాను! నువ్వు తలుపు వేసుకున్నావు."

"తట్టొచ్చు కదా!"

"నేను తడితే ఇంక ఆ తలుపుంటుందా!"

ముందు టైలరమ్మ ముక్కులోంచి ఒక చప్పుడొచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆమె నవ్వుతోందని తెలియడానికి ముద్రక్కకు కాస్త సమయం పట్టింది. చూసి మూడేళ్ళయింది కదా. "మూడ్రోజులు నాకు ముద్ద దిగలేదక్కా" అన్నది ముద్రక్క, బంతిని చుట్టు తిప్పి పంపుతూ. "నాకు బాగానే దిగింది" అన్నది టైలరమ్మ. "కోపమొస్తే నాకు ఆకలెక్కువ."

అప్పటికి హాలు నిశ్శబ్దంగా ఉందని ఇద్దరికీ స్ఫురించింది. మోకాళ్ళవాళ్ళు, నడుములవాళ్ళు, మెడలవాళ్ళు అందరూ ఆట ఆపేసి చుట్టూ నిలబడి చూస్తున్నారు. మాస్టారు వేళ్ళు ముడిచి లెక్కపెడుతున్నాడు.

"డెబ్భై మూడు" అన్నాడు, ఊపిరి పీల్చుకోవడం కూడా మర్చిపోయి. "డెబ్భై మూడుసార్లు. కిందపడలేదు, చప్పుడు రాలేదు. నాకే నలభై దాటలేదమ్మా ఎప్పుడూ!"

ముద్రక్క అప్పుడు బంతి వంక చూసింది. టప్. ఈసారి గడియారం త్రుటిలో తప్పించుకుంది.

ఆదివారం ముగింపు సభ. ఊరి క్రీడల అధికారి ముఖ్య అతిథిగా వస్తున్నాడు. ప్రతి జంటా కాస్తో కూస్తో ఆడి చూపించాలి. చివర్న, అన్నిటికంటే ఎక్కువసేపు, కుడి భుజాల జంట. మాస్టారు వాళ్ళను పక్కకు పిలిచాడు.

"నిన్న ఎలా ఆడారో అలాగే ఆడండి. మీ చూపు బంతి మీద ఉంటే చెయ్యి బిగుసుకుపోతోంది. మాట మీద ఉంటే సడలుతోంది."

"అంటే పోట్లాడుకోమంటారా?" అన్నది ముద్రక్క.

మాస్టారు బాగా ఆలోచించి, "కొంచెం" అన్నాడు.

సభకు పావుగంట ముందు తోడికోడళ్ళిద్దరూ మెట్లమీద కూర్చున్నారు.

"ఏదైనా ఉందా?" అన్నది టైలరమ్మ.

"ఏముంది? అంతా నిన్ననే అయిపోయింది కదా."

"సరిగ్గా ఆలోచించు. ఇరవై అయిదేళ్ళ కాపురం. ఎక్కడో ఒకటి మిగిలి ఉంటుంది."

"డాబా మీద నా బట్టల తాడు జరిపావు ఒకసారి."

"జరిపాను. నీకు చెప్పే జరిపాను."

"అవును, చెప్పావు" అని నిట్టూర్చింది ముద్రక్క. "పనికిరాదు."

అతిథి వచ్చాడు. ముందు వరసలో ఆయన, ఆయన పక్కన అందరికంటే ముందే వచ్చి కుర్చీ పట్టుకున్న అత్తగారు. వెనక తడి చొక్కాల అన్నదమ్ములు, ఈసారి పొడి చొక్కాల్లో. మిగతా జంటలు తలా పదీ పదిహేనుసార్లు బంతిని తిప్పి చప్పట్లు అందుకున్నాయి. కుడి భుజాల వంతు వచ్చింది.

"నువ్వు నా మొక్కకు నీళ్ళు పొయ్యలేదు" అని గొణిగింది ముద్రక్క, అతిథివైపు నవ్వుముఖం పెట్టి.

"అది ప్లాస్టిక్ మొక్క" అన్నది టైలరమ్మ.

టప్. బంతి కిందపడింది. మళ్ళీ మొదలుపెట్టారు. బట్టల తాడు ఎత్తుకున్నారు. నాలుగు చుట్లకే మళ్ళీ పడింది. మాస్టారి ముఖం పాలిపోయింది. మూడోసారి బంతి వదులుతూ టైలరమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నది:

"పోనీ, నా కుట్టు గోనెసంచి కుట్టులా ఉంటుందన్నావట కదా. దాని సంగతి చెప్పు."

"నేనా? ఎప్పుడు?"

"పోయినేడు. అత్తయ్య చెప్పింది."

"నేను అలాంటి మాట ఎందుకంటానక్కా? నువ్వే కదా నేను నడుస్తుంటే పైన రోడ్డు రోలరు తిరుగుతున్నట్టుంటుందని అన్నది!"

"రోడ్డు రోలరా? నా నోటెంట ఆ మాటే రాలేదు. ఎవరు చెప్పారు నీకు?"

బంతి గుసగుసమంటూ అటు వెళ్ళింది, ఇటు వచ్చింది.

"అత్తయ్యే."

ఇద్దరి తలలూ ఒకేసారి ముందు వరసవైపు తిరిగాయి. చేతులు మాత్రం ఆగలేదు. బంతి వెళ్తోంది, వస్తోంది. వాళ్ళ చూపు అత్తగారి మీద ఉంది. అత్తగారు కిటికీలోంచి ఆకాశం చూడటం మొదలుపెట్టింది.

"మరి నీ పుట్టినరోజుకు నేను పంపిన స్వీటు?" అన్నది టైలరమ్మ.

"ఏ స్వీటు? నాకందలేదే!"

"అదీ మధ్యలోనే మాయమైందన్నమాట!"

"అక్కా, మా ఇంటి మెంతుల డబ్బా నీ దగ్గరుందా?"

"నీ దగ్గర లేదూ? నువ్వే తిరిగి తీసుకున్నావని అత్తయ్య చెప్పింది!"

అత్తగారు మెల్లగా లేచింది. "నాకు బస్సు టైమయింది" అని పక్కనున్న అతిథితో చెప్పింది. వాళ్ళ ఇల్లు నడిస్తే పది నిమిషాలు. ఆ దారిలో బస్సులే లేవు. అతిథి మర్యాదగా దారిచ్చి, మాస్టారివైపు వంగాడు.

"వాళ్ళిద్దరూ ఏమిటి, ఊరికే ఏదో అనుకుంటున్నారు?"

"ఊపిరి లెక్కండీ" అన్నాడు మాస్టారు. "పైకి అనుకుంటేనే కుదురుతుంది."

"అద్భుతం" అన్నాడు అతిథి.

నూట పన్నెండు దగ్గర కింద లైబ్రరీ గంట మోగింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ముద్రక్క బంతిని కిటికీలోంచి బయటికి పంపేసింది. చప్పట్లు మాత్రం ఆగలేదు. అతిథి మాట్లాడుతూ, ఇంత ప్రశాంతంగా, ఇంత ఏకాగ్రతగా ఆడిన ఇద్దరు సోదరీమణులను చూడటం ఇదే మొదటిసారి అన్నాడు. వెనక వరసలో అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు కింది గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడళ్ళిద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. ఆవిడే గోడతో చెప్పినట్టు చెప్పింది.

"మీకు మాటలు ఉన్నన్నాళ్ళూ నన్నెవరు పలకరించారే? కాఫీ తాగావా, పడుకున్నావా, అంతే. మాటలు పోయాక రోజుకు నలభైసార్లు అత్తయ్యా, అత్తయ్యా అన్నారు. బాగుండేది."

"మరి ఆ శిబిరంలో ఇద్దర్నీ మీరే కదా చేర్పించారు?" అన్నది టైలరమ్మ.

"చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిందమ్మా. పైగా ఆ భుజాలొకటి." ఆవిడ ఇటు తిరిగింది. "స్వీటు బాగుంది. డబ్బా నా పెట్టెలో ఉంది."

ముద్రక్కకు ఒక్క మాటలో దబ్‌మని తేల్చెయ్యాలని నోటిదాకా వచ్చింది. టైలరమ్మ వంక చూసింది. టైలరమ్మకు అప్పటికే ముక్కులోంచి ఆ చప్పుడు మొదలైంది. ఇంక చేసేదేమీ లేక ముద్రక్క తైలం సీసా తెచ్చి, అత్తగారి భుజానికి రుద్దడం మొదలుపెట్టింది. "అబ్బ, మెల్లగా, అది భుజమే, పోస్టుకార్డు కాదు" అన్నది అత్తగారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం కోడళ్ళిద్దరూ డాబా మీద ఆడేవారు. పోట్లాటకు ఏ లోటూ రాలేదు. మాటలంటూ మొదలయ్యాక కారణాలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. రెండు నెలలకు ముద్రక్క చెయ్యి నడినెత్తి దాకా లేచింది. తన పాపిడి తనే తీసుకుంది. భర్త రెండు రోజులు ముభావంగా తిరిగాడు, పని పోయినవాడిలా. ఆఫీసులో మాత్రం చప్పుడేమీ తగ్గలేదు. ఇంటికీ ఆఫీసుకూ వేరు వేరు చేతులున్నట్టు నడిపించుకునేది.

చలికాలంలో పక్క ఊళ్ళో పోటీలు జరిగాయి. మాస్టారు ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. మొత్తం నాలుగు జంటలు, ఒక్కో జంటకు రెండు అవకాశాలు. మన జంట అరవై దాటి బ్రహ్మాండంగా ఆడుతుండగా జడ్జి చెయ్యెత్తాడు. ఆటలో మాట్లాడుకున్నందుకు మార్కులు తగ్గిస్తున్నానన్నాడు.

"ఏ రూలులో ఉంది?" అన్నది ముద్రక్క.

"చూపించండి, ఏ పేజీలో ఉందో" అన్నది టైలరమ్మ, అప్పటికే రూళ్ళ పుస్తకం లాక్కుని.

పుస్తకంలో అలాంటిదేమీ లేదు. ఉండాల్సిందన్నాడు జడ్జి. ఉండాల్సినవన్నీ లెక్కలోకి వస్తే తను పోస్టుమాస్టర్ జనరల్ అయ్యుండాల్సిందన్నది ముద్రక్క. ముప్పావుగంట సాగింది. మాస్టారు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చాడు, వదిలాడు, పీల్చాడు. ఈలోగా రెండో అవకాశానికి వాళ్ళ వంతు దాటిపోయింది. నాలుగు జంటల్లో నాలుగో స్థానం వచ్చింది.

తిరుగు బస్సులో మాస్టారు చాలా బాధపడ్డాడు. ఆయన్ను ఓదార్చే తీరిక ఎవరికీ లేదు. ముందు సీట్లో కోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ జడ్జి ముక్కు దగ్గర మొదలుపెట్టి, చొక్కా కుట్టు మీదుగా, అతని రూళ్ళ పుస్తకంలోని అచ్చుతప్పుల దాకా వచ్చారు. ఊరు ఇంకా గంట దూరం ఉంది.